“ఇప్పుడే గదా తినింది, మళ్ళా ఆకలేంది మే?”

ప్రశ్న: మేడమ్, నాకు 41 ఏళ్ళు. మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో ఒక పల్లె. మావారు రొయ్యల చెరువులు చేస్తారు. నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. నిరుడు మా తమ్ముడి పెళ్ళికి సన్నబడాలని మూడు నెలలు అన్నం ముట్టలేదు. పొద్దున రెండు ఇడ్లీ, మధ్యాహ్నం ఒక పుల్కా, రాత్రి బొప్పాయి ముక్కలు. 74 కిలోల నుంచి 65కి వచ్చాను. పెళ్ళయిన ఎనిమిది నెలలకు 76 అయ్యాను. ఇప్పుడు ఆకలి మునుపటికన్నా ఎక్కువైంది. తిన్న గంటకే వంటింట్లోకి పోతున్నాను. మా అత్తమ్మ “ఇప్పుడే గదా తినింది, మళ్ళా ఆకలేంది మే?” అంటారు. నోరు కట్టుకోలేకపోతున్నానని నాకే సిగ్గుగా ఉంది. మావారు చెరువు కాడి నుంచి వచ్చేసరికి రాత్రి పదకొండు దాటుతుంది, ఆయనతోపాటే తింటాను. పొద్దున నాలుగున్నరకి లేస్తాను. విచిత్రం ఏమిటంటే శనివారం ఒంటిపొద్దు ఉన్న రోజు రాత్రి అంత ఆకలి వేయదు. థైరాయిడ్ నార్మల్. మూడు నెలల షుగర్ సగటు 6.2 వచ్చింది. ఇది నా నోటి చాపల్యమా, హార్మోన్ల లోపమా? ఒక ల్యాబులో ఆకలి హార్మోన్ల ప్యాకేజీ ఉందట, చేయించుకోనా? మా ఆడబిడ్డ వారానికొక సూది వేసుకుని బాగా తగ్గింది, నేనూ వేసుకోవచ్చా? మలై కాజా ఇక జన్మలో తినకూడదా?

జవాబు: అమ్మా,

ముందు మీ సిగ్గు సంగతి తేల్చేసి మిగతావాటికి వెళ్తాను. మొలగొలుకుల బియ్యానికి పేరుపడ్డ జిల్లాలో కాపురం చేస్తూ, ఇంటిల్లిపాదికీ మూడు పూటలా వండి వడ్డిస్తూ, మూడు నెలలు అన్నం ముట్టకుండా ఉన్నారు మీరు. అలాంటి మనిషికి నోరు కట్టుకోవడం రాదని నేనైతే ఒప్పుకోను. మీరు చేసిన పొరపాటు ఒకటుంది, అది తర్వాత చెప్తాను. అది మనోబలానికి సంబంధించింది మాత్రం కాదు.

మీ ఇంట్లోనే ఉన్న పోలిక ఒకటి తీసుకుంటాను. మీవారు చెరువులో మేత చల్లాక కాస్త మేత చెక్ ట్రేలో పెట్టి నీళ్ళలోకి దించుతారు కదా. గంటన్నర, రెండు గంటలయ్యాక పైకి లాగి చూస్తారు. మేత మిగిలి ఉంటే వచ్చే పూటకి తగ్గిస్తారు, ట్రే ఖాళీగా వస్తే పెంచుతారు. నీళ్ళ అడుగున రొయ్య ఏం చేస్తోందో కంటికి కనపడదు, ట్రే చెప్పిందే లెక్క. మన మెదడుదీ అదే పరిస్థితి. పుర్రెలో కూర్చున్నదానికి కడుపులో ఏముందో, ఒంట్లో కొవ్వెంత నిలవ ఉందో ఎలా తెలుస్తుంది? పేగులూ, కొవ్వూ పంపే కబుర్ల వల్ల తెలుస్తుంది. కొన్ని కబుర్లు వేగస్ అనే పొడవాటి నరం గుండా వెళ్తాయి. ఎక్కువ భాగం రక్తంలో కలిసి వెళ్తాయి, వాటినే హార్మోన్లు అంటాం. హార్మోన్ అనగానే మనకు థైరాయిడో, నెలసరో గుర్తొస్తాయి గానీ, మనిషి మొట్టమొదట కనిపెట్టిన హార్మోనే పేగుది. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చిన్నపేగు నుంచి వచ్చే సెక్రెటిన్‌ని పట్టుకున్నారు. హార్మోన్ అన్న పేరు పెట్టింది ఆ తర్వాత మూడేళ్ళకు.

కబుర్లు అందుకునే చోటు హైపోథాలమస్. మెదడు అడుగున బాదంగింజంత ఉంటుంది. అందులో ఒక జట్టు కణాలు “తిను” అంటాయి, పక్కనే ఉన్న ఇంకో జట్టు “చాలు” అంటాయి. మీ అత్తమ్మగారు మిమ్మల్ని అడిగే ప్రశ్నకు జవాబు ఈ రెండు జట్ల తగాదాలో ఉంది.

“తిను” అనే జట్టుని లేపేది గ్రెలిన్. జీర్ణాశయం నుంచి వస్తుంది. 1999లో జపాన్‌లో కోజిమా, కంగావా దాన్ని కనుగొన్నారు. భోజనం వేళకు ముందు రక్తంలో పెరుగుతుంది, తిన్నాక తగ్గుతుంది. దీనికి బడి గంట లాంటి అలవాటు ఒకటి ఉంది. రోజూ ఏ వేళకు తింటామో ఆ వేళకు ముందే మోగుతుంది. ఇంకో గుణం మీకు పనికొచ్చేది: ఆ వేళకు ఏమీ తినకపోయినా కాసేపటికి దానంతట అదే తగ్గుతుంది. ఆకలి గంట గంటకీ పెరుగుతూ ప్రాణం తీస్తుందని మనం భయపడతాం గానీ, అది అలలాగా లేచి పడుతుంది. మీ ఒంటిపొద్దు విచిత్రంలో సగం ఇదే. మిగతా సగం మనసుది. ఆ రోజు రాత్రి తినేది లేదని పొద్దున్నే తీర్మానం అయిపోయింది, పొయ్యి వైపు చూపు పోదు, తాలింపు వాసనకు నోరూరినా “ఈ రోజు కాదులే” అని సర్దుకుంటుంది. మామూలు రోజున ఆ తీర్మానం ఉండదు. అలాగని వారమంతా ఒంటిపొద్దు ఉండమని కాదు నా మాట. అది మీకు ఇంకోసారి అదే గొయ్యి తవ్వుతుంది.

“చాలు” అనే జట్టుకు కబురు పంపేవి ఒకటి కాదు, చాలా ఉన్నాయి. అన్నం ముద్ద జీర్ణాశయం దాటి చిన్నపేగు మొదట్లోకి రాగానే, అందులోని కొవ్వుకీ మాంసకృత్తులకీ స్పందించి సీసీకే అనే హార్మోన్ వస్తుంది. అది వేగస్ నరాన్ని తట్టి ఈ పూటకు ఆపమంటుంది. ఇంకా కిందికి పోతే చిన్నపేగు చివర, పెద్దపేగులో ఉండే కణాలు పీవైవై, జీఎల్‌పీ-1 అనే రెండింటిని వదులుతాయి. ఇవి జీర్ణాశయం ఖాళీ అవడాన్ని నెమ్మది చేస్తాయి, మెదడుకు తృప్తి కబురు చెప్తాయి. జీఎల్‌పీ-1 అయితే ఇన్సులిన్‌ని కూడా సమయానికి విడుదల చేయిస్తుంది. పేరు గుర్తుంచుకోండి, మీ ఆడబిడ్డ సూది దీనికి చుట్టమే.

ఇవన్నీ రావడానికి పావుగంట, ఇరవై నిమిషాలైనా పడుతుంది. ఐదు నిమిషాల్లో నిలబడి తినేసేవాళ్ళకు ట్రే పైకి రాకముందే రెండోసారి మేత పడిపోతుంది. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు అందరికీ వడ్డించి, చివర్లో గిన్నె అడుగున ఉన్నది కలుపుకుని రెండు నిమిషాల్లో ముగించేస్తారు. మీరు రాయలేదు గానీ, మీరూ అంతేనని నా అనుమానం.

ఇక పూటకు సంబంధించిన లెక్క కాకుండా నిలవకు సంబంధించిన లెక్క ఒకటి ఉంది. పొలం ఉన్న ఇంట్లో గాదెలో ఎన్ని బస్తాలున్నాయో చూసుకుని ఖర్చు పెట్టినట్టు, మెదడు కూడా ఒంట్లో కొవ్వెంతుందో చూసుకుంటుంది. ఆ కబురు చెప్పేది లెప్టిన్. కొవ్వు కణాలే దాన్ని తయారుచేస్తాయి. దీని కథ బాగుంటుంది. అమెరికాలో డగ్లస్ కోల్మన్ అనే శాస్త్రవేత్త దగ్గర పుట్టుకతోనే విపరీతంగా తినే లావు ఎలుకలు ఉండేవి. అలాంటి ఎలుకని ఒక మామూలు ఎలుకతో రక్తం కలిసేలా కుట్టి జత చేస్తే లావు ఎలుక తిండి తగ్గించింది. అంటే రక్తంలో “చాలు” అనే పదార్థం ఏదో ఉంది, లావు ఎలుకలో అది లేదు. అదేమిటో తేలడానికి ఏళ్ళు పట్టింది. 1994లో జెఫ్రీ ఫ్రీడ్మన్ బృందం ఆ జన్యువుని పట్టుకుంది. సన్నం అనే అర్థం ఉన్న గ్రీకు మాట నుంచి దానికి లెప్టిన్ అని పేరు పెట్టారు.

అప్పుడు లోకమంతా సంబరపడింది, లావుకి మందు దొరికిందని. దొరకలేదు. లావుగా ఉన్నవాళ్ళలో లెప్టిన్ తక్కువ లేదు, మామూలు వాళ్ళకన్నా ఎక్కువే ఉంది. గాదె నిండుగా ఉందని కబురు వెళ్తూనే ఉంది, వినేవాళ్ళే సరిగ్గా వినడం లేదు. పుట్టుకతో లెప్టిన్ లేనివాళ్ళు ప్రపంచంలో చాలా అరుదు. 1997లో ఇంగ్లండ్‌లో దగ్గరి బంధువులైన ఇద్దరు పిల్లల్లో మొదటిసారి గుర్తించారు. అలాంటి పిల్లలకు లెప్టిన్ ఇస్తే అద్భుతంగా పనిచేసింది. మిగతా వాళ్ళకు చెప్పుకోదగ్గ ఫలితం లేదు.

ఇప్పుడు మీ కథకి వద్దాం. మూడు నెలల్లో 9 కిలోలు కరిగాయి. మీరు అద్దంలో చూసుకుని సంతోషపడ్డారు. మెదడు అద్దం చూడదు. దానికి అందిన కబురు ఒక్కటే: గాదె వేగంగా ఖాళీ అవుతోంది, కరువు వచ్చింది. మన పూర్వీకులు వేల ఏళ్ళు కరువులు దాటి వచ్చారు కదా, కరువుకి ఏం చేయాలో ఒంటికి బాగా తెలుసు. గ్రెలిన్‌ని పెంచుతుంది. లెప్టిన్, పీవైవై, సీసీకే తగ్గుతాయి. తిండి మీద ధ్యాస పెరుగుతుంది. పైగా ఒళ్ళు పొదుపు మొదలుపెడుతుంది, అదే పనికి మునుపటికన్నా తక్కువ ఖర్చు చేస్తుంది.

ఇది పది రోజుల్లో సర్దుకునేదైతే పెద్ద బాధ లేదు. సర్దుకోదు. ఆస్ట్రేలియాలో 50 మందితో పది వారాలు చాలా తక్కువ తిండి పెట్టి బరువు తగ్గించి, తర్వాత ఏడాది పాటు గమనించారు. 2011లో ఫలితాలు వచ్చాయి. సగటున పదమూడున్నర కిలోలు తగ్గారు. ఏడాది తర్వాత రక్తం తీసి చూసినా ఆకలిని పెంచే హార్మోన్ ఇంకా ఎక్కువగానే ఉంది, తృప్తినిచ్చేవి ఇంకా తక్కువగానే ఉన్నాయి. అప్పటికే కొంత బరువు వెనక్కి వచ్చేసినా సరే, ఆకలి మొదటికన్నా ఎక్కువే ఉందని వాళ్ళు చెప్పారు. మీ ఉత్తరంలో “ఆకలి మునుపటికన్నా ఎక్కువైంది” అన్న మాట చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ 50 మందే.

ఇంకో పరిశోధన నాకు మరీ ఇష్టం, ఎందుకంటే అందులో మనసు ప్రమేయమే లేదు. షుగర్ జబ్బుకు వాడే ఒక రకం మాత్ర మూత్రంలో గ్లూకోజ్‌ని బయటికి పంపేస్తుంది. అది వేసుకున్నవాళ్ళకు తమ ఒంట్లోంచి రోజూ కాలరీలు పోతున్నాయని తెలియదు. డైటింగ్ లేదు, పట్టుదల లేదు. అయినా బరువు తగ్గే కొద్దీ వాళ్ళ ఆకలి పెరిగింది. లెక్కకట్టి చూస్తే తగ్గిన ప్రతి కిలోకీ రోజుకు సుమారు 100 కాలరీల చొప్పున ఆకలి పెరిగిందని తేలింది. ఒళ్ళు చేసే ఖర్చు తగ్గేది కిలోకి 20, 30 కాలరీలే. అంటే పొదుపుకన్నా ఆకలే బలంగా వెనక్కి లాగుతుంది. ఈ సగటుని మీ 9 కిలోలకు వేస్తే రోజుకు 900 కాలరీల లాగుడు. నాలుగు కప్పుల అన్నం పైమాటే. బరువు వెనక్కి వచ్చే కొద్దీ ఆ లాగుడు తగ్గుతుందనుకున్నా, పెళ్ళయిన మర్నాటి నుంచి నిద్ర లేచింది మొదలు పడుకునేదాకా దాన్ని మీరు ఒంటరిగా కాచుకున్నారు. మీ అత్తమ్మగారికి ఈ పేరా చదివి వినిపించండి.

మరి మీ పొరపాటు ఏమిటి? ఇడ్లీ, పుల్కా, బొప్పాయి. ఇందులో మాంసకృత్తులు చాలా తక్కువ. “చాలు” అనే కబురు గట్టిగా పుట్టించేవి మాంసకృత్తులు, పీచు. ఆ రెంటిలో మొదటిదాన్ని బాగా కత్తిరించి, ఆకలితో ఉత్త చేతులతో యుద్ధానికి వెళ్ళారు. పైగా అంత తక్కువ తిన్నప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. తిరిగి పెరిగేటప్పుడు కొవ్వు వచ్చినంత తేలిగ్గా కండ రాదు. ఇక రెండో పొరపాటు మీది కాదు, మీ ఇంటి గడియారానిది.

పదకొండు దాటాక భోజనం, నాలుగున్నరకు లేవడం. గిన్నెలు సర్ది పడుకునేసరికి పన్నెండు అనుకుంటే మీ నిద్ర ఐదు గంటల లోపే. 2004లో ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్ళను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి చూశారు. లెప్టిన్ 18 శాతం తగ్గింది, గ్రెలిన్ 28 శాతం పెరిగింది. వాళ్ళు కోరుకున్నవి కూడా తీపి, ఉప్పు, పిండి పదార్థాలే. రెండు రాత్రులకే అంత. దీనికి తిరగేసిన పరిశోధన 2022లో వచ్చింది. ఆరున్నర గంటలకన్నా తక్కువ పడుకునే 80 మందిలో కొందరికి ఇంకేమీ మార్చకుండా నిద్ర ఒక్కటే గంటకు పైగా పెంచారు. తిండి గురించి ఒక్క మాట చెప్పకపోయినా వాళ్ళు రోజుకు దాదాపు 270 కాలరీలు తక్కువ తిన్నారు. ఉచితంగా దొరికే మందు ఇంతకన్నా ఏముంది?

అదే ఏడాది ఇంకో పరిశోధనలో అదే తిండిని నాలుగు గంటలు ఆలస్యంగా పెడితే ఆకలి పెరిగి, మేలుకుని ఉన్న సమయంలో లెప్టిన్ తగ్గింది. కాబట్టి నా మొదటి సలహా పళ్ళెంలో ఏముండాలన్నది కాదు. రాత్రి ఎనిమిదికల్లా మీ అత్తమ్మగారితో, పిల్లలతో కలిసి తినేయండి. మీవారి అన్నం హాట్‌బాక్సులో పెట్టండి. భర్త తినకముందు తినకూడదన్న పట్టింపు మీకు ఉందో, ఆయనకు ఉందో, అత్తమ్మగారికి ఉందో నాకు తెలియదు. ఎవరికున్నా, చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ల దగ్గర కాపలా ఉండి వచ్చే మనిషికి కావాల్సింది వేడి అన్నం, నాలుగు మాటలు. మీరు పక్కన మజ్జిగ గ్లాసుతో కూర్చుంటే ఆ రెండూ జరుగుతాయి. కొన్ని రోజులైనా ఆయన స్వయంగా వడ్డించుకుని తింటే మీరు పదింటికి పడుకోవచ్చు. నాలుగున్నరకి లేవడం ఎలాగూ తప్పదనుకుంటే జరపగలిగేది పడుకునే వేళనే. కొత్త వేళకు గంట మోగడం నేర్చుకోవడానికి గ్రెలిన్‌కి కొన్ని రోజులు పడుతుంది. ఆ రోజుల్లో పదకొండింటికి పాత గంట మోగుతుంది, కంగారుపడకండి, అల పడిపోతుంది. మీకు గురక ఉందా? ఉండి, పగలు కునికిపాట్లు కూడా వస్తుంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉంటే ఎన్ని గంటలు పడుకున్నా లెక్కలోకి రాదు.

పళ్ళెం విషయానికొస్తే అన్నం మానమని నేను చెప్పను. మానితే ఏమవుతుందో మీరే చూశారు. వరస మార్చండి. ముందు ఒక గిన్నెడు కూర, చిక్కుడుకాయో సొరకాయో గోరుచిక్కుడో, ఉత్తదే తినండి. దాంతో పాటు రెండు చేప ముక్కలో, గుడ్డో, గట్టి పప్పో. అన్నం చివర్లో, మునుపు తినే దాంట్లో సగం. పులుసు కలిపిన ముద్దలో ముక్క నంజుకోవడం మన పద్ధతి, ముక్క ముందు తినేస్తే పులుసుకి అన్యాయం చేసినట్టుంటుందని నాకూ తెలుసు. నేను కూడా నెల్లూరు దాన్నే. అయినా కూరా, మాంసకృత్తులూ ముందు పడితే షుగర్ ఒక్కసారిగా ఎగదన్నదు, జీఎల్‌పీ-1 కూడా బాగా వస్తుంది. మీ బరువుకు రోజుకు 60 నుంచి 70 గ్రాముల మాంసకృత్తులు అందితే మంచిది. 100 గ్రాముల చేపలోగానీ రొయ్యల్లోగానీ సుమారు 20 గ్రాములు, గుడ్డులో 6 గ్రాములు ఉంటాయి. చెరువు గట్టున ఉండి ఇడ్లీ మీద బతకడం ఏం ఖర్మ! పొద్దున ఎర్రకారం దోసె తింటే తినండి, పక్కన ఉడకబెట్టిన గుడ్డో, గుప్పెడు ఉడికించిన అలసందలో ఉండాలి, దోసెలు రెండుతో ఆగాలి. మూత్రపిండాల జబ్బు ఏదైనా ఉంటే మాత్రం ఈ లెక్క మీ డాక్టరుని అడగకుండా పాటించకండి.

మధ్యాహ్నం నాలుగింటికి వంటింట్లోకి వెళ్తే అక్కడ ఏముందన్నది ముఖ్యం. 2019లో అమెరికాలో 20 మందిని ఆస్పత్రిలోనే ఉంచి రెండు వారాలు ఫ్యాక్టరీ ప్యాకెట్ల తిండి, రెండు వారాలు ఇంటి వంట లాంటి తిండి పెట్టారు. పెట్టిన వాటిల్లో పిండిపదార్థం, కొవ్వు, చక్కెర, పీచు సమానమే, ఎంత తినాలన్నది వాళ్ళిష్టం. ప్యాకెట్ల వారాల్లో రోజుకు 500 కాలరీలు ఎక్కువ తిన్నారు. కాబట్టి బిస్కెట్ల డబ్బా పిల్లల కోసమని చెప్పి మీ చేతికందే అరలో పెట్టుకోకండి.

ల్యాబు ప్యాకేజీ వద్దు. ఆ డబ్బుతో రెండు కిలోల వంజరం తెచ్చుకోండి. గ్రెలిన్ గంట గంటకీ మారుతుంది, లెప్టిన్ మీకు ఎక్కువే వస్తుంది, ఆ అంకెలు చూసి ఏ డాక్టరూ వైద్యం మార్చలేరు. దానికి బదులు రెండు పనులు చేయండి. టేపుతో నడుము కొలత తీసుకోండి, మన దేశపు ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటితే ఎక్కువ కిందే లెక్క. రెండోది, మీరు ఏవైనా మాత్రలు వాడుతుంటే ఆ చీటీ డాక్టరుకు చూపించండి. స్టెరాయిడ్లు, కొన్ని షుగర్ మాత్రలు, కొన్ని మానసిక వైద్యపు మందులు బరువు పెంచుతాయి. మోకాళ్ళ నొప్పులకని ఊళ్ళో వేసే పేరు తెలియని సూదుల్లో, పొడుల్లో స్టెరాయిడ్ ఉండటం నేను చూశాను.

ఇక సూది. మన ఒంట్లో తయారయ్యే జీఎల్‌పీ-1 రక్తంలో రెండు నిమిషాల్లో సగం కరిగిపోతుంది. అందుకే దాన్ని మందుగా వాడటం కుదరలేదు. 1992లో జాన్ ఎంగ్ అనే అమెరికన్ డాక్టరు, అక్కడి ఎడారుల్లో ఉండే గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి, చూడటానికి మన ఉడుముకి చుట్టంలా ఉంటుంది, దాని లాలాజలంలో ఇలాంటిదే కాస్త ఎక్కువసేపు నిలిచే పదార్థం కనుగొన్నాడు. దాని నుంచి వచ్చిన షుగర్ మందుకు అమెరికాలో 2005లో అనుమతి వచ్చింది. అక్కడి నుంచి ఒక్కో మెట్టూ ఎక్కి, వారానికి ఒక్కసారి వేసుకుంటే సరిపోయే సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ వచ్చాయి. 2025లో రెండూ బరువు తగ్గించే సూదులుగా మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. మీ ఆడబిడ్డది వీటిలో ఏదో ఒకటి అయి ఉంటుంది.

ఇవి మోసం మందులు కావు. పెద్ద పరీక్షల్లో సెమాగ్లుటైడ్‌తో ఏడాదికి పైగా వాడినవాళ్ళు సగటున 15 శాతం, టిర్జెపటైడ్ పెద్ద మోతాదుతో 20 శాతం దాకా బరువు తగ్గారు. వాడేవాళ్ళు చెప్పే మాట ఒకటి విచిత్రంగా ఉంటుంది: “తల్లో తిండి గోల ఆగిపోయింది డాక్టర్.” పట్టుదల పెరగలేదు, కబురు మారింది, అంతే. ఆకలి హార్మోన్ల వ్యవహారమని ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

కానీ సూది ఆపితే కబురూ ఆగుతుంది. సెమాగ్లుటైడ్ ఆపిన ఏడాదికి తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. అంటే పెళ్ళికోసం మూడు నెలలు వేసుకునే వస్తువు కాదిది, బీపీ మాత్ర లాంటిది. వికారం, వాంతులు, మలబద్ధకం మామూలే. పిత్తాశయంలో రాళ్ళు రావచ్చు, అరుదుగా క్లోమానికి వాపు రావచ్చు. కుటుంబంలో మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవాళ్ళు వాడకూడదు, గర్భం కోరుకునేవాళ్ళూ వాడకూడదు. కండ కరిగే సమస్య ఇక్కడా ఉంది.

మీ ఎత్తుకు 76 కిలోలంటే బీఎంఐ, అంటే ఎత్తుకీ బరువుకీ వేసే లెక్క, 30 దాటింది. షుగర్ గీత మీద ఉంది, అంటే జబ్బు ఇంకా రాలేదు గానీ అంచున ఉన్నారు. కాబట్టి డాక్టరు మీకు ఈ మందు రాస్తే తప్పు పట్టను. నా సొంత అభిప్రాయం అడిగితే, నిద్రా భోజనం వేళా సరిచేసి నాలుగు నెలలు చూడండి. అప్పటికీ ఆకలి లొంగకపోతే ఎండోక్రైనాలజిస్టు, అంటే హార్మోన్ల డాక్టరు దగ్గరికి వెళ్ళండి, అందులో ఓటమి ఏమీ లేదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను. ఈ సూది మందు నింపిన పెన్నులా వస్తుంది, మీ ఆడబిడ్డ పెన్నుతో ఒక్క డోసు కూడా వేసుకోకండి, సూదిమొన మార్చినా సరే. ఒకరి పెన్ను ఇంకొకరు వాడితే రక్తం ద్వారా జబ్బులు అంటుకుంటాయి. చీటీ లేకుండా ఎవరో తెచ్చిచ్చే పెన్నులూ వద్దు. కొత్త పెన్ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉండాలి, అది ఏ దారిన, ఏ ఎండలో వచ్చిందో మీకు తెలియదు.

లక్ష్యం 65 అని పెట్టుకోకండి. ముందు నాలుగైదు కిలోలు తగ్గి అక్కడ ఆరు నెలలు నిలబడండి. మీ 6.2కి అదే పెద్ద మేలు. అమెరికాలో షుగర్ గీత మీద ఉన్నవాళ్ళు 7 శాతం బరువు తగ్గి, వారానికి 150 నిమిషాలు నడవాలన్న లక్ష్యంతో సాగితే షుగర్ జబ్బు వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. మన పక్కనే చెన్నైలో చేసి 2006లో ప్రచురించిన పరిశోధనలో ఇంకా ఆశ్చర్యం: తిండీ నడకా మార్చుకున్నవాళ్ళలో బరువు పెద్దగా తగ్గకపోయినా జబ్బు వచ్చే అవకాశం 28 శాతం దాకా తగ్గింది. కాటా కదలకపోయినా లోపల పని జరుగుతుందన్న మాట. రోజూ సాయంత్రం చెరువు గట్ల మీద ఒక అరగంట నడవండి, మీవారికి ట్రే కూడా చూసిపెట్టినట్టు ఉంటుంది.

చివరగా మలై కాజా. తినండి. కడుపు నిండా తిన్నాక కూడా కాజాకి చోటు దొరకడానికి కారణం మీరు కాదు, మెదడులో ఆకలితో నిమిత్తం లేకుండా రుచికోసమే పనిచేసే దారి ఇంకొకటి ఉంది, దానికి “చాలు” అన్న మాట సరిగ్గా వినపడదు. అందుకని డబ్బా ఇంటికి తెచ్చుకోకండి. నెల్లూరు వెళ్ళినప్పుడు భోజనం అయ్యాక, ఒక్కటి, కొట్టు దగ్గరే కూర్చుని నెమ్మదిగా తిని రండి. మీ అత్తమ్మగారికి ఒకటి పొట్లం కట్టించుకోండి.